నీళ్ళేటన్నాయి?

మనిషి పోయిన కబురు రావడానికి ఒక పద్ధతి ఉంటుంది. ఫోను మోగాలి, అవతల ఎవరో గొంతు సర్దుకోవాలి, మనం కూర్చోడానికి కుర్చీ వెతుక్కోవాలి. నాకు ఆ ఏర్పాట్లేవీ జరగలేదు. ఆదివారం పొద్దున చిలకలగూడలో మటన్ దుకాణం ముందు వరసలో నిలబడి ఉండగా, మొద్దు మీద కత్తి ఆపకుండానే దుకాణదారు చెప్పాడు.

"మీ ల్యాబు పెద్దాయన పోయిండు, ఎరికేనా?"

"ఎప్పుడు?"

"ఇరవై రోజులాయె. పద్మారావు నగర్ల ఆయన ఇంటి మలుపుకాడ ఫ్లెక్సీ సుత కట్టిండ్రు. చూడలేదా?"

చూడలేదన్నాను. నా వెనకాయన "అన్నా, నాది కీమా, జెర సన్నగ కొట్టు" అన్నాడు. దుఃఖపడాలంటే వరస వదిలి పక్కకు జరగాలి. జరిగితే మళ్ళీ చివరికి పోవాలి. నిలబడ్డాను.

"ఇగ నాకు చిట్టీలు రాసే తక్లీఫ్ తప్పింది," అంటూ దుకాణదారు కత్తిని భుజం మీది గుడ్డకు ఒక్కసారి తుడిచి, వేలాడుతున్న ఇంకో యాట మీదికి పోయాడు. ఆ తుడుపు చూశాకే నాకు పెద్దాయన నిజంగా గుర్తొచ్చాడు. ఆయన ఇదే దుకాణం ముందు నిలబడి ఆ గుడ్డను చూపించి నాతో అన్నాడు ఒకసారి: "ఈ గుడ్డలో ఓ మంద ఉన్నాది బావూ. అది పిండితే మేక, పొట్టేలు, అన్నీ బయటికొస్తాయి."

కొన్నేళ్ళ క్రితం సంగతి. నాతో చదివినవాళ్ళంతా అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చుకుని మాదాపూర్ బస్సులు ఎక్కేస్తున్న రోజులు. నేను మాత్రం జీవశాస్త్రం మీద నమ్మకంతో, ఇంకెవరూ పిలవకపోవడం వల్ల, సికింద్రాబాదు శివారులో మిలిటరీ గోడను ఆనుకుని ఉన్న ఒక ల్యాబులో తాత్కాలిక ఉద్యోగిగా చేరాను. ఎవరైనా మాంసం ముక్క పంపితే అది ఏ జంతువుదో డీఎన్ఏ పరీక్ష చేసి చెప్పడం మా పని. మా అమ్మ చుట్టాలతో "మావాడు డీఎన్ఏ రీసెర్చి" అనేది. మందుల షాపు నడిపే మా నాన్న "మాంసాన్ని చూసి మాంసమే అని చెప్పే ఉద్యోగం" అనేవాడు. ఇద్దరిలో నాన్నే వాస్తవానికి దగ్గరగా ఉండేవాడు.

పెద్దాయన అక్కడ టెక్నీషియన్. శ్రీకాకుళం వైపు నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చాడు. ఇన్నేళ్ళలో సికింద్రాబాదు ఆయన మాటలో ఒక్క అక్షరాన్ని కూడా కదపలేకపోయింది. పొట్టిగా ఉండేవాడు. కోటు మోకాళ్ళ కిందికి దిగేది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట మూడు పెన్సిళ్ళు ఉండేవి, ఎందుకంటే పెన్ను రాత స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది, పెన్సిల్ రాత పోదు. ఇలాంటి కారణం ఆయన చేసే ప్రతి పనికీ ఉండేది. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

చేరిన రోజున ఒక చిన్న ట్యూబులో నీళ్ళు పోసి నా చేతిలో పెట్టాడు.

"ఇదేటి బావూ?"

"నీళ్ళండి."

"నీకెలాగ తెలుసు?"

"మీరే కదండీ ఇప్పుడు పోశారు."

"నాను పోస్తే నీళ్ళైపోతాయేటి? నన్ను కాదు, దాన్నడుగు."

ఈయనకు రిటైర్మెంటు దగ్గరపడి ఉంటుందని అప్పుడనుకున్నాను. తర్వాత అర్థమైంది. పరీక్ష పద్ధతి చెబితే మీకూ అర్థమవుతుంది. మాంసంలోంచి డీఎన్ఏ బయటికి తీసి పీసీఆర్ మిషనులో పెడతాం. మనం ఏ జంతువు కోసం వెతుకుతున్నామో దాని జాడ రవ్వంత ఉన్నా మిషను దానికి కోట్ల నకళ్ళు తీస్తుంది. ఆ ద్రవాన్ని జెల్లీ లాంటి పలకలో వరసగా ఉన్న గుంటల్లో పోసి కరెంటు ఇస్తే, పలక మీద గీతలు వస్తాయి. దుప్పి కోసం వెతికినప్పుడు గీత వస్తే దుప్పి ఉన్నట్టు. అయితే ఒక గుంటలో మాత్రం మాంసం లేకుండా ఉత్త నీళ్ళతో చేసిన ట్యూబు పోయాలి. అందులో ఏ గీతా రాకూడదు. వస్తే మన చేతి నుంచో, సీసా నుంచో, గాలి నుంచో జంతువు ట్యూబుల్లో దూరిందని అర్థం. ఆ రోజు చేసిన పనంతా చెత్తబుట్టకు పోవాలి.

పలకను నీలం వెలుగు పెట్టె మీద పెట్టగానే ఎవరైనా ముందు కేసు ముక్క గీత చూస్తారు. నేరం అక్కడే ఉంటుంది కదా. పెద్దాయన మాత్రం ఆ చివరనున్న ఖాళీ గుంట దగ్గరికి వంగేవాడు. ఇంకేదీ చూడకుండా, చూడనివ్వకుండా, "నీళ్ళేటన్నాయి?" అనేవాడు. నేను వంగి చూసి "ఏమీ అనలేదండి" అనాలి. అప్పుడు నిటారుగా నిలబడి, "ఐతే ఇప్పుడు మిగిలినోళ్ళు మాటాడొచ్చు" అనేవాడు. రోజుకు రెండు పలకలు. నేను అక్కడున్న ఏడాదిన్నరలో ఈ సంభాషణ ఒక్కసారి కూడా మారలేదు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చింది, ఆ తర్వాత వినపడటం మానేసింది. మంచి అలవాట్లన్నీ అలాగే చస్తాయి.

ఆయన మాంసం తినేవాడు కాదు. మొదట్లో తినేవాడట, అదీ బాగా. ఏ గురువో చెప్పి మాన్పించాడేమో అనుకుని ఒకసారి అడిగాను.

"వైరాగ్యం కాదు బావూ. ఆదివారం నాను తిన్నాననుకో, గోళ్ళలో ఉంటాది. సోమారం ట్యూబులోకి ఎల్తాది. ఆదివారం నాను తిన్న పొట్టేలు సోమారం ఎవుడికో శిక్ష ఏయించేస్తాది."

ఇంట్లో వాళ్ళు డాబా మీదికి పోయి వండుకునేవారట. ఇది చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో త్యాగం ఏమీ ఉండేది కాదు. వాన వస్తే గొడుగు వేసుకుంటాను అన్నట్టు చెప్పేవాడు.

తినడు కాబట్టి వాసన చూసేవాడు. కేసు ముక్క సీలు విప్పగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నడుం వంచి, ఒక్కసారి పీల్చేవాడు. తర్వాత చింపిన క్యాలెండరు కాగితం వెనక తన ఊహ పెన్సిల్‌తో రాసి, మడిచి, సొరుగులో వేసేవాడు. పరీక్ష ఫలితం వచ్చాక మడత విప్పి పోల్చుకునేవాడు. పచ్చి మాంసమైతే దాదాపు ఎప్పుడూ గెలిచేది ఆయన ముక్కే. వండిందైనా ఎండిందైనా ఓడిపోయేది. ఓడిపోయిన రోజు కాగితం చింపకుండా "తప్పు" అని రాసి దాచేవాడు. ఆ కాగితాల మీద అన్ని సంవత్సరాల పండుగలూ ఉండేవి.

ఇక చిట్టీలు. పరీక్షలో పోల్చుకోవడానికి మాకు తెలిసిన మాంసం కావాలి. పొట్టేలు గీత ఎక్కడ వస్తుందో చూపించాలంటే ముందు నికార్సైన పొట్టేలు ముక్క ఒకటి దగ్గరుండాలి. దానికోసం ఆయన ఈ చిలకలగూడ దుకాణానికి వచ్చేవాడు. తోక ఉన్న యాటనే చూపించమనేవాడు. మేక తోక పైకి, పొట్టేలు తోక కిందికి. తోక చూశాక, తన ఎదురుగా, కడిగిన కత్తితో కోయించేవాడు. అది చాలక కాగితం ఇచ్చి రాయించేవాడు: ఇది పొట్టేలు మాంసం, నా చేత్తో కోశాను. తారీకు. దుకాణదారు సంతకం, కింద ఈయన సంతకం. వెనక వరసలో జనం మండిపడేవారు. "ఏంది సారూ, పొట్టేలుకు రిజిస్ట్రేషనా?" అని ఎవరో అంటే, "అవును బావూ, దానికి మరి ఎవుడూ ఆస్తి రాయడు కదా" అన్నాడు.

ఆ కేసు ఎండాకాలంలో వచ్చింది. లక్క సీలు వేసిన గుడ్డ సంచిలో ఎండు మాంసం, పసుపు రాసిన ఒరుగులు. వాటిని తెస్తున్నవాడు ఐటీ కంపెనీలకు క్యాబు నడిపే డ్రైవరు. మెదక్ వైపు అక్క ఊరికి వెళ్ళి వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర అటవీ సిబ్బంది ఆపారు. ఒరుగులు చూసి జింక అన్నారు. వాడు యాట అన్నాడు. ఎండి, ముడుచుకుపోయి, పసుపు పూసుకున్న ముక్క జింకదో యాటదో కంటితో చెప్పలేరు. అందుకని ముక్క మా దగ్గరికి, మనిషి జైలుకు వెళ్ళారు.

పెద్దాయన సీలు విప్పి, చేతులు కట్టుకుని వాసన చూసి, కాగితం మడిచి సొరుగులో వేశాడు. మర్నాటి నుంచి సెలవు. కంట్లో శుక్లం ఆపరేషను. పరీక్ష నాకు అప్పగించి వెళ్ళాడు.

ఆ పరీక్ష చేసిన రోజు మధ్యాహ్నం మూడింటికి నాకు మాదాపూర్‌లో ఇంటర్వ్యూ. సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఒక స్నేహితుడు నా కాగితాలు లోపలికి చేర్చాడు. పలకలో ఎనిమిది గుంటలు. నా దగ్గర తొమ్మిది ట్యూబులు. ఇంకో పలక పోయాలంటే ఇంకో గంటన్నర. తొమ్మిదింటిలో ఏది వదిలేస్తే ఎవరికీ ఏమీ కాదో చూశాను. నీళ్ళు.

ఏడాది పైగా ఏమీ అనని మనిషిని ఒక్కరోజు పిలవకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

పలక మీద పొట్టేలు గీత వచ్చింది. పక్కనే దుప్పి గీత, అంటే వాళ్ళన్న జింక గీత, కూడా వచ్చింది. రెండు మాంసాలూ కలిపి ఎండబెట్టాడన్నమాట, తెలివైనవాడే అనుకున్నాను. పదిహేను నిమిషాల్లో రిపోర్టు ముసాయిదా రాసేసి, టై కట్టుకుని బస్సెక్కాను. ఇంటర్వ్యూలో "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడిగితే "ఈ పొద్దునే ఒక జింకల వేటగాణ్ణి పట్టుకున్నాను" అన్నాను. ముగ్గురూ నవ్వారు. ఉద్యోగం అప్పుడే సగం వచ్చేసింది.

తాత్కాలిక ఉద్యోగుల సంతకాలు రిపోర్టు మీద చెల్లవు. పెద్దాయన సంతకం కావాలి. వారం తర్వాత, డాక్టరు ఇచ్చిన పెద్ద నల్లకళ్ళద్దాలతో ఆయన ల్యాబుకు వచ్చాడు. పాత సినిమాలో స్మగ్లర్ల నాయకుడిలా ఉన్నారని చెప్పాను. సంతోషించాడు. వెలుగు పెట్టె దగ్గరికి వెళ్ళొద్దని, ఫొటోలు చూడొద్దని డాక్టరు చెప్పాడట. కోర్టు గడువు ఆ రోజే. సొరుగులోంచి మడత కాగితం తీసి నాకిచ్చి చదవమన్నాడు. "పొట్టేలు" అని ఉంది.

"మిషనేటంటంది?"

"దుప్పి కూడా ఉందండి."

"ఎండింది కదా, నా ముక్కు ఓడిపోయినాది," అని నవ్వాడు. పెన్ను అందుకుని, కాగితం మీద పెట్టబోతూ ఆగాడు. "నీళ్ళేటన్నాయి?"

"ఏమీ అనలేదండి," అన్నాను. ఏడాది పైగా అంటున్న మాటే. నోరు దానంతటదే అనేసింది అని చెప్పుకోవచ్చు. కానీ అనే ముందు ఒక క్షణం ఆగాను. అది నాకు తెలుసు.

ఆయన సంతకం పెట్టాడు. రిపోర్టు వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత ల్యాబు గేటు దగ్గర ఒక ముసలామె వచ్చి కూర్చుంది. ఆ డ్రైవరు తల్లి. ఇల్లు అల్వాల్‌లో. ఒళ్ళో చిన్న మూట. వాచ్‌మన్ పొమ్మంటే పక్కకు జరిగి కూర్చుంటోంది, లోపలికి రమ్మంటే రావడం లేదు. పెద్దాయన, నేను బయటికి వెళ్ళాం.

"సారూ, గివి మా బిడ్డ ఇంట్ల పండుగకు కోసిన యాటవే. నా చేతుల్తోని ముక్కలు చేసి, ఉప్పు పసుపు వెట్టి, దాని వాకిట్లనే ఎండేసిన. సగం నేను తెచ్చుకున్న, సగం వారం తరువాత వాడు తెస్తుండె. రెండూ ఒక్కటే సారూ. గిది సుత మిషన్ల పెట్టి చూడుండ్రి." మూట విప్పింది.

"అమ్మా, సీలు నేకుండా తెచ్చిన ముక్క మేం ముట్టకూడదమ్మా. రేపొద్దున ఎవులైనా మార్చీసినారంటే నీకే నష్టం."

"మీరు ముట్టద్దు. నేను ఎత్తి పట్టుకుంట."

పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నడుం వంచి, ఆమె అరచేతిలోని ఒరుగుల మీదికి ముఖం తెచ్చి పీల్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. లేచి, లోపలికి నడిచాడు.

ఆ రోజు డాక్టరు మాట వినలేదు. నల్లకళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రిజిస్టరులో అతికించిన పలక ఫొటోను కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. వేలితో ఒక్కో గుంటనూ లెక్కపెట్టాడు. ఎనిమిది. పక్కన నా చేతిరాతలో ఎనిమిది పేర్లు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు, తనే తప్పుగా లెక్కపెట్టానేమోనని. ఆపరేషను చేసిన కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అది ఆపరేషను వల్లే, అందులో వేరే అర్థాలు వెతకొద్దు.

"బావూ, నీళ్ళేవి?"

"పట్టలేదండి."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్టించుకున్న తర్వాత మనిషికి కొంచెం హక్కు వస్తుంది. ఆయన ఫ్రీజర్ తలుపు తీసి, సీలు వేసి దాచిన మిగతా సగం ముక్క బయటికి తీశాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఏదీ ముట్టుకోవద్దని చెప్పి, మొత్తం పరీక్ష తనే మళ్ళీ చేశాడు. అన్నీ కొత్తవి. చివర రెండు నీళ్ళ ట్యూబులు పెట్టాడు. ఒకటి కొత్త సీసాలో నీళ్ళు, రెండోది ఆ రోజు నేను వాడిన సీసాలోవి.

సాయంత్రం పలక వెలుగు పెట్టె మీద పెట్టాడు. కేసు ముక్కలో పొట్టేలు గీత ఒక్కటే. కొత్త నీళ్ళు ఖాళీ. నా సీసా నీళ్ళలో దుప్పి గీత, తళతళా మెరుస్తూ. పోలిక కోసం ఉంచిన దుప్పి శాంపిల్ ముట్టుకున్న చేత్తోనే ఆ సీసా మూత తీసి ఉంటాను.

"నీ నీళ్ళు దుప్పంటన్నాయి," అన్నాడు. అంతే.

మర్నాడు ఆఫీసరు గదిలో ఆయన నిలబడి ఉన్నాడు, నేను ఆయన వెనక. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే నాకు రాయడం సుఖంగా ఉండేది.

"పెద్దాయనా, రిపోర్టు వెళ్ళిపోయింది కదా. ఇప్పుడు మనమే తప్పన్నామంటే పాత కేసులన్నీ తవ్వుతారు. ప్రతి వకీలూ మన మీద పడతాడు."

"పడనీండి సార్. పడాలి."

"మీకింకా నాలుగు నెలలే సర్వీసు. ఎవరు చేశారని రాయమంటారు?"

నేను నేల వైపు చూస్తున్నాను. నేల శుభ్రంగా ఉంది. జేబులో సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళ ఉత్తరం ఉంది.

"సూడకుండా సంతకం ఎట్టినోడు చేసినాడని రాయండి," అన్నాడు పెద్దాయన.

అలాగే రాశారు. సవరించిన రిపోర్టు తయారవడానికి, పైవాళ్ళు ఒప్పుకోవడానికి ఐదు వారాలు పట్టింది. ఈలోగా ఆయనకు మెమో వచ్చింది. రిటైరైన రోజున ఎవరికైనా చేసే శాలువా, ఫొటో, మిక్స్చర్ పొట్లాల సభ ఆయనకు జరగలేదు. మెమో ఉన్నవాడికి సభ చేస్తే బాగుండదని ఎవరో అన్నారట. నేనైతే ఆ గదిలో నోరు తెరవలేదు. తర్వాత కూడా తెరవలేదు. నాకు జోకులు చాలా వచ్చు, ఆ రోజుల్లో ఒక్కటి కూడా పనికిరాలేదు.

సవరించిన రిపోర్టు కోర్టుకు చేరిన వారానికి ఆ తల్లి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది. పెద్దాయన ఆ కాగితం నకలు పట్టుకుని దాదాపు పరిగెత్తాడు.

"అమ్మా, జింక నేదని రాసీసినాం. నీ కొడుకు ఏటీ సెయ్యలేదు."

ఆమె కాగితం తీసుకోలేదు. "అయిపోయింది సారూ. పదిహేను రోజుల కిందనే ఇడిసిపెట్టిండ్రు. జింకను నేనే చంపిన అని ఒప్పుకున్నడు."

"ఒప్పుకున్నాడా? ఎందుకు?"

"మిషన్ రిపోర్టు ఉన్నంక కొట్లాడితే ఏండ్లు పడ్తదన్నడు వకీలు. ఒప్పుకుంటే జల్దీ బయటపడ్తవన్నడు. దస్తకత్తు పెట్టిండు. పోలీసు కాగితం సూసి క్యాబు కంపెనోళ్ళు సుత ఇగ రావద్దన్నరు."

నా ఇంటర్వ్యూ జోకులోని వేటగాడు అలా తయారయ్యాడు. ఎక్కడా పుట్టని జింక, ఎవరూ చంపని జింక. దానికి హంతకుడు మాత్రం సంతకంతో సహా దొరికాడు.

ఆమె వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. పెద్దాయన ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"జెర నిజం చెప్పు సారూ. ఎవ్వరికి చెప్పను. వాడు నాకు తెల్వకుంట సంచిల ఏమన్న కలిపిండా? మిషన్ ఉన్నదనె. వాడు సుత ఔననె. ఇప్పుడు మీరు లేదంటున్నరు. నేను ఎవర్ని నమ్మాలె? ఇంట్ల వాని మొకం సూడ బుద్ధయితలేదు."

పెద్దాయన పేపరు పరవకుండా ఎక్కడా కింద కూర్చోని మనిషి. గేటు పక్కన దుమ్ములో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పీసీఆర్ అంటే ఏమిటో, గీత అంటే ఏమిటో, నీళ్ళ ట్యూబు ఎందుకో మొదటినుంచి చెప్పాడు. నాకు చేరిన రోజున చెప్పినంత ఓపికగా. గంట పట్టింది. ఆమె తల ఊపింది కానీ, ఆ ఊపులో నమ్మకం ఎంతో తెలియలేదు. నేను గేటు లోపలే నిలబడి ఉన్నాను. రెండు నెలల్లో మాదాపూర్ బస్సెక్కాను. సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే ఉద్యోగం. ఎవరి పరిహాసమో నాకు తెలియదు. చివరి రోజున ఆయన నాతో అన్నది ఒక్కటే: "అక్కడ కూడా ఓ ట్యూబు నీళ్ళు ఎట్టుకో బావూ."

దుకాణంలో నా వంతు వచ్చింది.

"అన్నా, రిటైరయ్యాక కూడా ఆయన చిట్టీలు రాయించుకునేవాడా?"

"గదే నాకు సమజ్ కాలే. తినకపోతుండె. అయినా నెలకోసారి అరకిలో పొట్టేలు, కడిగిన కత్తి, చిట్టీ. అన్నీ పాతలెక్కనే. అల్వాల్‌ల ఎవరో అవ్వ ఒరుగులు పెడ్తదంట, గామెకు. గీ నెల ఇంక పోలే. ఎట్ల పోతడు?"

మా ఇంటికి కిలో తీసుకుని, ఇంకో అరకిలో పొట్టేలు వేరే కవర్లో వేయమన్నాను.

"చిట్టీ రాయాల్నా?" అని నవ్వాడు.

"వద్దులే అన్నా, లేటవుతోంది."

అల్వాల్ ఇంటి చిరునామా నాకు గుర్తే. కేసు కాగితాల మీంచి రిజిస్టరులోకి ఎక్కించింది నేనే. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వాకిలి. వాకిట్లో అడ్డంగా తీగ. ఒకవైపు బట్టలు, ఒకవైపు ఎండి నల్లబడిన ఒరుగులు. ఒరుగుల పక్కనే తీగకు బట్టల క్లిప్పు పెట్టి ఒక కాగితాల కట్ట. గాలికి రెపరెపలాడుతోంది. దగ్గరికి వెళ్ళి చూశాను. ఇది పొట్టేలు మాంసం, నా చేత్తో కోశాను. తారీకు. రెండు సంతకాలు. అన్నీ అవే.

ఆమె బయటికి వచ్చింది. ఇంకా చిన్నదైపోయింది. గడప లోపల ఒక మనిషి మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు.

"గల్లీల పోరలు 'అవ్వా, జింక ఎండిందా' అంటుండె. ఎండేసుడే బంద్ వెట్టిన. సార్ వచ్చి మళ్ళ షురూ చేయించిండు. అడిగినోనికి చిట్టీ చూపెట్టమన్నడు," అంది, నేను కాగితాలు చూస్తుండటం చూసి. లోపలివైపు తల తిప్పి, గొంతు తగ్గించింది. "వాడు సుత చూస్తడు. చిట్టీ చూసినంకనే ముద్ద ముడ్తడు." తర్వాత నన్ను పరిశీలించింది. "నువ్వెవరు బిడ్డా?"

"పెద్దాయన దగ్గర పనిచేశానమ్మా. ల్యాబులో."

ఆమె ఇంకాస్త దగ్గరికి వచ్చింది.

"నీళ్ళు పెట్టనోడివా?"

మెమోలో లేని పేరు ఇక్కడ ఉంది. ఆఫీసరుకు చెప్పనిది ఆయన ఈమెకు చెప్పాడు. చెప్పి తీరాలి కదా, ఆమె అడిగింది నిజం.

"అవునమ్మా."

తిట్టలేదు. కూర్చోమని కూడా అనలేదు. "సార్ వస్తలేడేంది?" అంది.

చెప్పాను. తీగకున్న చిట్టీల కట్టను ఒకసారి సరిచేసింది. తర్వాత నా చేతిలోని కవరు తీసుకుని, విప్పి, వాసన చూసింది.

"పొట్టేలే," అంది. "చిట్టీ ఏది?"



"తేలేదమ్మా."

"గట్లెట్ల బిడ్డా?" కోపం లేదు, పిల్లవాడికి చెప్పినట్టు ఉంది ఆ గొంతు. కవరు మళ్ళీ మూతి ముడిచింది. "చిట్టీ లేకుంట తీగె మీద ఎయ్య. పొయి తీస్కరాపో. ఇది గీడనే ఉంటది."

బండి తిప్పి మళ్ళీ చిలకలగూడ వచ్చాను. దుకాణం మూసేస్తున్నారు. మొద్దు మీద నీళ్ళు కుమ్మరించి కడుగుతున్నాడు. చిట్టీ కావాలంటే ఆకాశం వైపు చూశాడు.

"సాఫ్ట్‌వేర్ సారువైతివి, మటన్‌కు గింత పరేషానా?" అంటూనే చేతులు తుడుచుకుని రాశాడు. ఇది పొట్టేలు మాంసం, నా చేత్తో కోసిన. తారీకు. తన సంతకం. కాగితం నా వైపు తిప్పి, కింద ఖాళీ జాగా మీద వేలు పెట్టాడు.

"గీడ పెద్దాయన పెడ్తుండె. ఇప్పుడెవరు?"

ఆ కేసుకు సంబంధించిన ఏ కాగితం మీదా అప్పటిదాకా నా పేరు లేదు. సంతకం గీకకుండా పూర్తి పేరు రాశాను, ఎవరైనా చదవగలిగేలా. పెన్సిల్‌తో.

అల్వాల్‌కు మళ్ళీ బయల్దేరాను. ఎండ బాగానే ఉంది, ఒరుగులకు సరిపోయేంత.